ప్రకాశం పంతులు గారికి కుర్చీ ఎందుకు నిలవలేదు?

టంగుటూరి ప్రకాశం అనగానే అందరికీ గుర్తొచ్చేది 1928 నాటి మద్రాసు వీధి. సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున పోలీసు తుపాకుల ముందు రొమ్ము విరుచుకుని నిలబడ్డ మనిషి, ఆంధ్రకేసరి. పిల్లల పాఠాల్లో ఆయన కథ దాదాపు అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత 'ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి' అనే ఒక్క ముక్క, ఒక బ్యారేజీ పేరు, ఒక జిల్లా పేరు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఏం చేశారు, ఎవరితో కలిశారు, ఎందుకు విడిపోయారు అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. దానికి కారణం ఉంది. ఆ పదేళ్ళ కథ చాలా చిక్కుపడి ఉంటుంది.

వరసగా చెప్తాను చూడండి. 1946లో కాంగ్రెస్ తరఫున మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి (అప్పట్లో ఆ పదవిని అలాగే పిలిచేవారు). 1947లో సొంత పార్టీవాళ్ళే దించేశారు. 1951లో కాంగ్రెస్‌ను వదిలేశారు. 1952లో కమ్యూనిస్టులు కూడా ఉన్న కూటమికి నాయకుడయ్యారు. 1953లో మళ్ళీ కాంగ్రెస్ మద్దతుతోనే ముఖ్యమంత్రి. 1954లో కమ్యూనిస్టులు పెట్టిన అవిశ్వాసంలో పడిపోయారు. 1955లో కాంగ్రెస్ కూటమిలో ఉండి గెలిచారు, కానీ ముఖ్యమంత్రి పదవి వేరేవాళ్ళకు వెళ్ళింది.

పైపైన చూస్తే ఇదంతా గోడ దూకే రాజకీయంలా కనిపిస్తుంది. నేను అలా అనుకోను. కాస్త ఓపికపట్టి సంఖ్యలు దగ్గర పెట్టుకుని చదివితే, ప్రతి మలుపులోనూ ఒకే సంగతి కనపడుతుంది. ప్రకాశం గారికి జనంలో ఉన్నంత బలం శాసనసభలో ఎప్పుడూ లేదు. ఆయన వెనక నిలబడే సొంత సభ్యులు ఏ సభలోనూ మెజారిటీకి దరిదాపుల్లో లేరు. మిగతా వర్గాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్నప్పుడు అందరికీ ఆమోదమైన పేరు ఆయనదే అయ్యేది. ఆ వర్గాలు రాజీపడిన రోజున ఆయన అవసరం తీరిపోయేది. రెండుసార్లు పదవిలోకి వచ్చారు, రెండూ కలిపితే దాదాపు రెండేళ్ళు.

కథను స్వాతంత్ర్యానికి ఏడాది ముందు నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

1946 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్ ఘనంగా గెలిచింది. ఢిల్లీ పెద్దలు రాజాజీ నాయకుడు కావాలనుకున్నారు. గాంధీ అభిప్రాయమూ అదే. కానీ రాజాజీ 1942లో క్విట్ ఇండియా ఉద్యమాన్ని వ్యతిరేకించి పార్టీకి దూరమైన మనిషి. జైళ్ళకు వెళ్ళొచ్చిన శాసనసభ్యులు ఆయన్ను నెత్తిన పెట్టుకోవడానికి సిద్ధంగా లేరు. తమిళనాడు కాంగ్రెస్‌లో రాజాజీకీ కామరాజ్‌కూ మధ్య పోరు అప్పటికే ముదిరింది. మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్ అంటే ఒక్క కమిటీ కాదు. ఆంధ్ర, తమిళనాడు, కేరళ, కర్ణాటక అని నాలుగు ప్రాంతీయ కాంగ్రెస్ కమిటీల సభ్యులు ఒకే సభలో కూర్చునేవారు. తెలుగువాళ్ళు పెద్ద గుంపే, కానీ ఒంటరిగా మెజారిటీ కాదు. పైగా తెలుగువాళ్ళలోనే రెండు వర్గాలు: ఒకటి ప్రకాశం గారిది, ఇంకొకటి పట్టాభి సీతారామయ్య గారిది.

ఈ చీలికల మధ్య నుంచి ప్రకాశం గారు ముత్తురంగ మొదలియార్ మీద నెగ్గి శాసనసభా పక్ష నాయకుడయ్యారు. 1946 ఏప్రిల్ 30న ప్రభుత్వం ఏర్పాటు చేశారు. అప్పటికి ఆయన వయసు 73.

గాంధీకి ఆయన మీదున్న అభ్యంతరం గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది దాటేస్తారు. ప్రకాశం గారు పర్యటనలకు వెళ్ళినప్పుడు జనం డబ్బు మూటలు కానుకగా ఇచ్చేవారు. అందులో కొంత ఆయన సొంత అవసరాలకు వాడుకున్నారని గాంధీ తప్పుపట్టారు. ప్రజలిచ్చిన సొమ్ము ప్రజాసేవకుడిది కాదన్నది గాంధీ లెక్క. ప్రకాశం గారి సమాధానం వేరు. బారిస్టరుగా ఆయన మద్రాసులో సంపాదించింది తక్కువేమీ కాదు. ఆ ఆస్తి అంతా స్వరాజ్య పత్రిక నడపడానికీ, ఉద్యమానికీ కరిగిపోయింది. జనం ఆ డబ్బు తన కోసమే ఇచ్చారన్నారు. ఎవరి వాదన న్యాయం అన్నది ఇవాళ్టికీ చర్చించుకోవచ్చు. రాజకీయంగా మాత్రం దీనివల్ల జరిగిన నష్టం ఒక్కటే: ఢిల్లీలో ఆయనకు అండ లేకుండా పోయింది. కింద సొంత మెజారిటీ లేదు, పైన పెద్దల దీవెన లేదు.

ఆయన ప్రభుత్వం పదకొండు నెలలు కూడా నిండలేదు. విచిత్రమేమిటంటే, పడిపోవడానికి దారితీసిన వివాదాల్లో ఒకటి గాంధీ ఆశయానికి చాలా దగ్గరగా ఉన్నది. కొత్త బట్టల మిల్లులు రానివ్వకుండా, ఉన్నవాటిని పెంచనివ్వకుండా, ఎంపిక చేసిన ఫిర్కాల్లో (కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగాల్లో) చేతితో వడికిన నూలు, చేనేతతో ఊళ్ళు తమ బట్ట తామే తయారుచేసుకునేలా ఒక పథకం పెట్టారు. యుద్ధం తర్వాత బట్టకు కటకటలాడుతున్న రోజుల్లో ఈ నిర్ణయం మిల్లు యజమానులకూ, పరిశ్రమలు కావాలనుకున్న కాంగ్రెస్ వాళ్ళకూ మింగుడుపడలేదు. ఇంకోవైపు 1947 జనవరిలో తెచ్చిన శాంతిభద్రతల ఆర్డినెన్సు కింద కమ్యూనిస్టులను విచారణ లేకుండా నిర్బంధించారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అయిదేళ్ళ తర్వాత దీని అవసరం పడుతుంది.

చివరికి ఆయన్ను దించింది ఈ విధానాలు ఒక్కటే కాదు. కామరాజ్ వైపున్న తమిళ సభ్యులు, రాజాజీ అనుయాయులు, పట్టాభి వైపున్న ఆంధ్ర సభ్యులు ఒక మాట మీదికి వచ్చారు. అంతే. 1947 మార్చి 23న ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ ఆ స్థానంలో కూర్చున్నారు. కొత్త మంత్రివర్గంలో తెలుగువాళ్ళ తరఫున బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు వంటివాళ్ళు ఉన్నారు, ఇద్దరూ ప్రకాశం వర్గానికి ఎదురు వర్గమే. 1947 ఆగస్టు 15న జెండా ఎగిరినప్పుడు ఆంధ్రకేసరి పదవి లేని మామూలు శాసనసభ్యుడు.

ఒక బాధ కలిగించే సంగతి. 1938లో జమీందారీల మీద విచారణ జరిపిన కమిటీకి అధ్యక్షుడు ప్రకాశం గారు. భూమి మీద హక్కు రైతుదే, జమీందారు పన్ను వసూలు చేసేవాడు మాత్రమే అని తేల్చిన నివేదిక అది. పదేళ్ళ తర్వాత 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేనాటికి దాన్ని సభలో నడిపింది రెవెన్యూ మంత్రి కళా వెంకటరావు. విత్తనం వేసినవాడు బయట కూర్చుని చూడాల్సి వచ్చింది.

తర్వాతి నాలుగేళ్ళు ప్రకాశం గారు పార్టీలో ఉంటూనే ప్రభుత్వాన్ని ఎదిరించారు. మంత్రుల మీద అవినీతి ఆరోపణలు చేశారు. 1948లో, నిజాం సంస్థానంలో రజాకార్ల ఆగడాలు జోరుగా ఉన్నప్పుడు, వద్దని హెచ్చరించినా హైదరాబాదు వెళ్ళి రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని కలిసొచ్చారు. ఆ ధైర్యం ఆయనది, అందులో ఎవరికీ అనుమానం లేదు.

కానీ ఆ కాలంలోనే ఆయన తీసుకున్న ఒక నిర్ణయం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. 1949 ఏప్రిల్‌లో నెహ్రూ, పటేల్, పట్టాభి కలిసి ఇచ్చిన నివేదిక, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చని చెప్పింది. దాని ప్రకారం కుమారస్వామి రాజా అధ్యక్షతన విభజన కమిటీ వేశారు. తెలుగువాళ్ళ తరఫున గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి, ప్రకాశం సభ్యులు. అన్నీ సవ్యంగా జరిగితే 1950 జనవరి 26కల్లా రాష్ట్రం వచ్చేది. మద్రాసు నగరం విషయంలో ప్రకాశం గారు అసమ్మతి పత్రం రాశారు. ఏకాభిప్రాయం లేదన్న సాకు దొరికింది, కేంద్రం కాగితాలు పక్కన పెట్టేసింది. మద్రాసు మీద తెలుగువాళ్ళకు హక్కు లేదని నేననను. ఆ నగరంలో ఆయన జీవితమే గడిచింది, ప్రాక్టీసూ పత్రికా పోరాటమూ అక్కడే. అయినా ఫలితం చూడండి: ఆ తర్వాత స్వామి సీతారాం నిరాహార దీక్ష, పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం, చివరికి 1953లో మద్రాసు లేకుండానే రాష్ట్రం. ఆ మూడున్నరేళ్ళ ఆలస్యంలో ఆయన వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి.

1951 ఏప్రిల్‌లో ఆంధ్ర ప్రాంతీయ కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఎన్.జి. రంగా మీద సంజీవరెడ్డి గెలిచారు. దాంతో పార్టీ యంత్రాంగం మొత్తం ఎదురు వర్గం చేతికి పోయినట్టయింది. ప్రకాశం, రంగా ఇద్దరూ కాంగ్రెస్ విడిచి ప్రజా పార్టీ పెట్టారు. కొద్ది నెలలకే దారులు వేరయ్యాయి. రంగా గారు రైతుల పేరుతో కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. ప్రకాశం గారు ఆచార్య కృపలానీ మొదలుపెట్టిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో కలిశారు. దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో, ముప్ఫై ఏళ్ళు జైళ్ళూ ఉద్యమాలూ చూసిన పార్టీని వదిలి, కొత్త జెండా పట్టుకుని ఊరూరా తిరిగారు.

*కూటమికి 166, కాంగ్రెస్‌కు 152*

1952 సార్వత్రిక ఎన్నికలు మద్రాసు కాంగ్రెస్‌ను కుదిపేశాయి. 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు వచ్చినవి 152. కమ్యూనిస్టులకు 62, ప్రకాశం గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి 35, కృషికార్ లోక్ పార్టీకి 15. మిగతావి చిన్న పార్టీలు, స్వతంత్రులు. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడిపోయారు. తెలుగు జిల్లాల్లో కాంగ్రెస్ పరిస్థితి మరీ ఘోరం. సంజీవరెడ్డి అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడారు. గోపాలరెడ్డి, కళా వెంకటరావు ఓడారు. కమ్యూనిస్టులూ కాంగ్రెస్సూ తెలుగు జిల్లాల్లో దాదాపు సమానంగా నిలిచారు.

కాంగ్రెసేతర పక్షాలు కలిసి ఐక్య ప్రజాస్వామ్య కూటమిగా ఏర్పడి ప్రకాశం గారిని నాయకుడిగా ఎన్నుకున్నాయి. తమకు 166 మంది ఉన్నారనీ, తమనే పిలవాలనీ గవర్నరును కోరారు. అయిదేళ్ళ కిందట తమవాళ్ళను జైల్లో పెట్టిన మనిషిని కమ్యూనిస్టులు నాయకుడిగా ఒప్పుకున్నారంటే, ఆయన పేరుకున్న విలువ ఏంటో తెలుస్తుంది. ఆయన కూడా పాత గొడవ పక్కన పెట్టారు. కాంగ్రెస్‌ను దించడం, ఆంధ్ర రాష్ట్రం సాధించడం, ఈ రెండూ ఇద్దరికీ కావాలి.

సభలో సగానికి 188 మంది కావాలి. కూటమికి ఇంకా 22 మంది తక్కువ. కాంగ్రెస్‌కు 36 మంది తక్కువ. మామూలు లెక్కలో చూస్తే ప్రకాశం గారే దగ్గర్లో ఉన్నారు. ఇక్కడ గవర్నరు శ్రీప్రకాశ వేసిన అడుగు మన రాజ్యాంగ చరిత్రలో మొదటి పెద్ద వివాదాల్లో ఒకటి. ఆయన కూటమిని పిలవలేదు. ఎన్నికల తర్వాత పుట్టిన కూటమి కంటే ఏకైక పెద్ద పార్టీకే మొదటి అవకాశం ఇవ్వాలన్న వాదన ముందుకొచ్చింది. కాంగ్రెస్ తన నాయకుడిగా ఎంచుకున్నది రాజాజీని. ఆయన అసలు ఎన్నికల్లో పోటీయే చేయలేదు. సాహిత్యం, శాస్త్రం, కళలు, సమాజసేవ వంటి రంగాల వాళ్ళ కోసం రాజ్యాంగం శాసనమండలిలో నామినేటెడ్ స్థానాలు పెట్టింది. గవర్నరు రాజాజీని అందులో ఒక స్థానానికి నామినేట్ చేశారు. 1952 ఏప్రిల్ 10న రాజాజీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఓటరు ముందుకు వెళ్ళని మనిషి, ఓడిపోయిన పార్టీ తరఫున, నామినేషన్ మీద ముఖ్యమంత్రి కావడం ఎంత వరకు సబబు? కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి హైకోర్టుకు వెళ్ళారు, కోర్టు జోక్యం చేసుకోలేదు. రాజాజీ పదవిలోకి వచ్చాక లెక్క మారడం మొదలైంది. కామన్‌వీల్ పార్టీ నాయకుడు మాణిక్యవేలు నాయకర్‌కు మంత్రి పదవి దక్కింది. స్వతంత్రులు జారారు. జులై 3న విశ్వాస పరీక్షలో రాజాజీకి 200 ఓట్లు, వ్యతిరేకంగా 151. కూటమి తనకున్నారని చెప్పిన 166 మంది కూడా ఆ రోజు ఒకచోట నిలవలేదు.

గవర్నరు న్యాయంగా వ్యవహరించారా లేదా అన్న ప్రశ్నకు నా సమాధానం: లేదు. కూటమికి సభలో బలం నిరూపించుకునే అవకాశం ముందు ఇవ్వాల్సింది. కానీ ఇచ్చి ఉంటే ప్రకాశం ప్రభుత్వం నిలిచేదా? దానికి కూడా లేదనే అనుకుంటాను. 35 మంది సొంత సభ్యులతో, 62 మంది కమ్యూనిస్టుల మీద ఆధారపడి, ఒక్కొక్కరికీ ఒక్కో డిమాండ్ ఉన్న తమిళ చిన్న పార్టీలను పట్టి ఉంచడం ఎవరి తరమూ అయ్యేది కాదు. 1946లో ఎదురైన ఇబ్బందే, ఇంకా పెద్ద రూపంలో. చాలా ఏళ్ళ తర్వాత కేంద్ర-రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్, ఎవరికీ మెజారిటీ రాని సభల్లో గవర్నరు ఎవరిని ముందు పిలవాలో ఒక వరుస చెప్పింది. అందులో కూడా ఎన్నికల తర్వాత పుట్టే కూటమికి స్థానం ఎన్నికల ముందు పొత్తుకూ, ఇతరుల మద్దతున్న పెద్ద పార్టీకీ తర్వాతే.

*పొట్టి శ్రీరాములు తర్వాత*

1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో పొట్టి శ్రీరాములు దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నాయి. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు, మద్రాసు నగరం లేకుండా. జస్టిస్ వాంఛూ వివరాలు తేల్చి నివేదిక ఇచ్చారు.

ఇప్పుడు కొత్త రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరు? మద్రాసు అసెంబ్లీలోని తెలుగు సభ్యులే కొత్త అసెంబ్లీ. 140 మందిలో కాంగ్రెస్‌కు నలభై పైచిలుకు, కమ్యూనిస్టులకూ దాదాపు అంతే. ఈ సభలో కాంగ్రెస్ ఒంటరిగా ప్రభుత్వం నడపలేదు. పైగా నాయకులే ఎన్నికల్లో ఓడిపోయి ఉన్నారు. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారేమోనన్న టెన్షన్ ఢిల్లీలో బలంగా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం ఆగి అప్పటికి రెండేళ్ళే. అందరికీ తెలిసిన, ఎవరూ వేలెత్తి చూపలేని, కమ్యూనిస్టులు కూడా గౌరవించే ముఖం ఒకటి కావాలి. అది ప్రకాశం గారిదే.

ఆయన పార్టీ అప్పటికే సోషలిస్టులతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. కాంగ్రెస్‌తో చేతులు కలపడానికి ఆ పార్టీ నాయకత్వం ఒప్పుకోలేదు. ప్రకాశం గారు పార్టీ నుంచి బయటికొచ్చి, కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది కిందట తనను నాయకుడిగా పెట్టుకున్న కమ్యూనిస్టులకు ఎదురు నిలిచారు. దీన్ని అవకాశవాదం అనొచ్చా? అనొచ్చు, అన్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఆయన ముందున్న దారులు రెండే: కొత్త రాష్ట్రానికి కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వం, లేదా కమ్యూనిస్టులతో కలిసి ప్రభుత్వం. రెండోది ఢిల్లీ బతకనిచ్చేది కాదని ఆయనకు మద్రాసు అనుభవం నేర్పింది. జీవితమంతా కోరుకున్న ఆంధ్ర రాష్ట్రం పురిట్లోనే గవర్నరు పాలనలో పడకూడదని ఆయన అనుకుని ఉంటే అందులో తప్పేముంది.

1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ రాష్ట్రాన్ని ప్రారంభించారు. గవర్నరు చందూలాల్ త్రివేది. ముఖ్యమంత్రి ప్రకాశం, ఉపముఖ్యమంత్రి సంజీవరెడ్డి. ఆర్థిక మంత్రి తెన్నేటి విశ్వనాథం, ప్రకాశం గారికి నీడలా ఉన్న మనిషి. యువకుడైన దామోదరం సంజీవయ్య కూడా ఆ మంత్రివర్గంలోనే ఉన్నారు. మంత్రివర్గం కూర్పులోనే బలహీనత కనిపిస్తుంది: రెండేళ్ళ కిందట ఏ వర్గం చేతిలో పార్టీ పోయిందని కాంగ్రెస్ వదిలారో, ఆ వర్గం నాయకుడే ఇప్పుడు పక్క కుర్చీలో ఉపముఖ్యమంత్రి. సభ్యుల సంఖ్య ఆయన చేతిలో, పేరు ఈయనది.

రాజధాని గొడవ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1937 శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో ఎంచుకునే అవకాశం రాయలసీమకు ఉంది. వాళ్ళు రాజధాని కోరారు, కర్నూలు దక్కింది. కమ్యూనిస్టులు విజయవాడ ప్రాంతం కావాలన్నారు. హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. కర్నూలులో తగిన భవనాలు లేక ఆఫీసులు చాలావరకు డేరాల్లో నడిచాయి. చాలీచాలని ఆదాయంతో, డేరాల్లోంచి ఒక రాష్ట్రాన్ని నిలబెట్టడం ఎనభై ఒక్కేళ్ళ మనిషి మీద పడింది.

ఆ పదమూడు నెలల్లో జరిగినవి తక్కువేమీ కాదు. 1952లో కృష్ణా ఆనకట్ట తెగి డెల్టా రైతుల గుండె గుభేల్‌మంది. దాని స్థానంలో విజయవాడ దగ్గర కొత్త బ్యారేజీకి 1954లో పనులు మొదలయ్యాయి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అదే ఏడాది వచ్చింది, రాయలసీమకు తొలి విశ్వవిద్యాలయం. ఈ రెండూ ఇవాళ్టికీ లక్షల మందికి ఉపయోగపడుతున్నాయి. తక్కువ కాలం పాలించిన ప్రభుత్వాన్ని అంచనా వేసేటప్పుడు వీటిని మరిచిపోకూడదు.

*కల్లు మీద కూలిన ప్రభుత్వం*

పడిపోయింది మాత్రం మద్యనిషేధం దగ్గర. ఈ భాగాన్ని కాస్త నిదానంగా చూద్దాం.

మద్రాసు రాష్ట్రమంతటా 1948 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లో ఉంది. కొత్త ఆంధ్ర రాష్ట్రానికి ఆ చట్టం వారసత్వంగా వచ్చింది. దానితోపాటు మూడు తలనొప్పులు వచ్చాయి. ఒకటి, ఎక్సైజ్ ఆదాయం లేదు, ఖజానా లోటులో ఉంది. రెండు, దొంగసారా ఊళ్ళన్నీ ముంచెత్తింది, నిషేధం అమలు పేరుతో పోలీసు వేధింపులు పెరిగాయి. మూడు, తాటిచెట్టు ఎక్కి బతికే గీత కార్మికులకు పని పోయింది. ఉత్తరాంధ్ర నుంచి గోదావరి జిల్లాల దాకా వేలాది కుటుంబాల కూటి ప్రశ్న ఇది. వాళ్ళ తరఫున గొంతెత్తిన నాయకుడు గౌతు లచ్చన్న, కృషికార్ లోక్ పార్టీ. ఆయన ప్రకాశం మంత్రివర్గంలో చేరారు కూడా. గీత కార్మికుల సమస్య తేలకపోవడంతో రాజీనామా చేసి బయటికొచ్చి ఉద్యమం నడిపారు.

నిషేధం ఎలా నడుస్తోందో చూడమని ప్రభుత్వమే ఎస్.వి. రామమూర్తి కమిటీని వేసింది. ఆయన అనుభవజ్ఞుడైన ఐసీఎస్ అధికారి. నిషేధం విఫలమైందనీ, ఎత్తేయడం మేలనీ కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఆ సిఫారసు అమలు చేయలేదు. చేయలేదంటే చేయలేని పరిస్థితి అనాలి. మద్యనిషేధం గాంధీ సిద్ధాంతంలో గుండెకాయ లాంటిది. కాంగ్రెస్ మద్దతుతో నిలబడ్డ ప్రభుత్వం దాన్ని ఎత్తేస్తే ఢిల్లీ ఊరుకోదు. ఎత్తేయకపోతే లచ్చన్న వర్గం ఊరుకోదు. తనే కమిటీ వేసి, దాని మాట తనే వినకపోవడం సభలో ప్రభుత్వానికి సమాధానం లేని ప్రశ్న అయింది.

ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. కమ్యూనిస్టులు, ప్రజా సోషలిస్టులు, కృషికార్ లోక్ సభ్యులు ఒకవైపు నిలిచారు. ప్రకాశం గారు వదిలొచ్చిన పార్టీ, ఆయన మంత్రివర్గం నుంచి వెళ్ళిపోయిన మనిషి, రెండేళ్ళ కిందట ఆయన్ను నాయకుడన్న పార్టీ, ముగ్గురూ ఒకచోట. 1954 నవంబరు 6న ఓటింగ్ జరిగింది. తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68. ఒక్క ఓటు.

ప్రత్యామ్నాయ ప్రభుత్వానికి ప్రతిపక్షాలకు అవకాశం దొరకలేదు. నవంబరు 15న రాష్ట్రపతి పాలన విధించారు.

నా దృష్టిలో ఆ ఓటమికి కారణం ఒక్క సభ్యుడు అటు తిరగడం కాదు. 140 మంది సభలో తనవాళ్ళంటూ పట్టుమని కొద్దిమంది కూడా లేని ముఖ్యమంత్రి, ప్రతి బిల్లుకూ ఎవరో ఒకరిని బతిమాలుకోవాల్సిన ముఖ్యమంత్రి, ఏదో ఒక రోజు ఏదో ఒక విషయం మీద పడిపోక తప్పదు. అది కల్లు విషయం కావడం వల్ల కథ కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, గీత కార్మికుడి బతుకు చిన్న విషయం కాదు. ఆ విషయంలో లచ్చన్న గారిదే న్యాయమని నా అభిప్రాయం.

1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. స్థానాలు 196కు పెరిగాయి. ఈసారి కాంగ్రెస్ 1952 గుణపాఠం బాగా నేర్చుకుంది. బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ వచ్చి ప్రచారం నడిపించారు. అంతకన్నా ముఖ్యం, కమ్యూనిస్టులకు ఎదురుగా ఓటు చీలకుండా కాంగ్రెస్, కృషికార్ లోక్, సోషలిస్టులను వదిలొచ్చాక ప్రకాశం గారు నడిపిన ప్రజా పార్టీ ఒకే కూటమి కట్టాయి. నాలుగు నెలల కిందట ఒకరినొకరు దించుకున్నవాళ్ళు ఒకే వేదిక ఎక్కారు. కూటమికి 146 స్థానాలు. కమ్యూనిస్టులకు 31 శాతం దాకా ఓట్లు వచ్చాయి, సీట్లు 15 మాత్రమే. ముఖాముఖి పోటీలో మూడో వంతు ఓట్లు ఎలా ఆవిరైపోతాయో చూడాలంటే ఈ ఎన్నిక చూడాలి.

అయితే ప్రకాశం గారి భవితవ్యాన్ని తేల్చింది 146 అన్న సంఖ్య కాదు, దాని లోపలున్న విడి సంఖ్యలు. కాంగ్రెస్ 119, కృషికార్ లోక్ 22, ప్రజా పార్టీ 5. సభలో సగం 98. కాంగ్రెస్‌కు ఇక ఎవరి ముఖమూ అక్కర్లేదు. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. 1947లో ప్రకాశం గారు దిగిపోయాక మద్రాసులో మంత్రి పదవి అందుకున్న గోపాలరెడ్డే ఇప్పుడూ ఆయన స్థానంలోకి వచ్చారు. ఏడాదిన్నర తర్వాత 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి. పార్టీ యంత్రాంగం ఎవరి చేతుల్లో ఉందో అధికారం కూడా చివరికి వాళ్ళ దగ్గరికే వెళ్ళింది.

ప్రకాశం గారు ఆ తర్వాత కూడా ఇంటిపట్టున ఉండలేదు. ఒంగోలు వైపు హరిజనవాడల్లో పర్యటిస్తూ వడదెబ్బ తిని, హైదరాబాదు ఆసుపత్రిలో 1957 మే 20న కన్నుమూశారు. ఆయన హయాంలో మొదలైన బ్యారేజీ ఆ ఏడాది చివర్లో పూర్తయి ఆయన పేరు పెట్టుకుంది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు.

ఆయనకు రాజకీయ వారసులు ఎవరూ మిగలలేదంటారు. పార్టీగా చూస్తే నిజమే, 5 సీట్ల ప్రజా పార్టీ పేరు కూడా తర్వాత వినపడలేదు. కానీ తెన్నేటి విశ్వనాథం గారిని మరిచిపోకూడదు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమానికి అఖిలపక్షాన్ని కూడగట్టి ముందు నడిచింది ఆయనే. కమ్యూనిస్టులూ, స్వతంత్రులూ, కాంగ్రెస్‌లో అసంతృప్తులూ, ఎవరి జెండా వాళ్ళే ఉంచుకుని ఆయన వెనక నిలబడ్డారు. మరుసటి ఏడాది విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు, ఏ పార్టీ టిక్కెట్టూ లేకుండా, స్వతంత్ర అభ్యర్థిగా.